పదిహేడో నంబరు ఫ్లాటు డోమ్నికా

“ఆవిడ కూడా అందరిలాగే మన పాపని చూసి ‘ప్తూ ప్తూ’ అంటుంది కదా రజ్వాన్, దిష్టి తగలకుండా. రోజూ అంటుంది. ఆ తుంపర పాప నోట్లో పడి ఉంటే?”

“ఏం పడింది? ఎవరి నోట్లో? ఇంజను మోతలో ఏమీ వినపడట్లేదు, కాస్త గట్టిగా చెప్పు.”

గట్టిగా చెప్పడానికి లేదు. వంటింటి గోడకి అవతలే డోమ్నికా ఉంది. ఆ బ్లాకులో గోడలు ఎంత పలచనంటే పక్కింట్లో చెంచా కిందపడితే ఇవతలివాళ్ళు వంగి వెతుక్కుంటారు. ఇలింకా ఫోను తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, అప్పుడు చెప్పింది.

“డోమ్నికా అక్కకి హెచ్ఐవీ ఉందిట.”

రజ్వాన్ సరుకుల ఓడలో మెకానిక్కు. ఆగస్టులో ఎక్కాడు, మళ్ళీ ఫిబ్రవరిలో గాని దిగడు.

“నువ్వు బయాలజీ టీచరువి,” అన్నాడు. “ఉమ్మితో రాదని ఎనిమిదో క్లాసు పిల్లలకి చెప్పేది నువ్వే కదా?”

“చెప్తాను.”

“మరి?”

“అక్కడ ముప్పై మందికి చెప్తాను. ఇక్కడ నాకు ఉన్నది ఒక్కతే.”

ఆ ఒక్కతీ, పద్నాలుగు నెలల ఒజానా, అప్పుడు వంటింటి నేలమీద కూర్చుని గరిటెతో మూకుడు వాయిస్తోంది. బల్లమీద చక్కెర డబ్బా కింద ఒక కాగితం ఉంది. సంతకం ఒక్కటీ తక్కువ, తక్కినదంతా రాసే ఉంది.

“సరే, పిచ్చి భయమే అనుకో,” అన్నాడు రజ్వాన్. “అయినా పాపకి ఒకసారి రక్తపరీక్ష చేయిస్తే పోయేదేముంది? చూసుకుని అప్పుడు సంతకం పెట్టు. రెండు రోజుల్లో ఏం మునిగిపోతుంది?”

తను అనాలనుకుని సిగ్గుపడి ఆగిన మాట మొగుడి నోటివెంట వచ్చేసరికి ఇలింకాకి ప్రాణం కుదుటపడింది. ఆ రెండు రోజుల గురించి తర్వాత వాళ్ళిద్దరూ చాలాసార్లు మాట్లాడుకోబోయి, ప్రతిసారీ మధ్యలోనే మానేశారు.

ఆ కాగితం ఆ మంగళవారం పొద్దున్న పదకొండింటికి వచ్చింది, ఇలింకాకి క్లాసులు లేని రోజు. పట్టుకొచ్చినావిడ పేరు సెవెరీనా, మునిసిపాలిటీ సంక్షేమశాఖలో సోషల్ వర్కరు. ఏటా నవంబరులో ఒకసారి వచ్చి, డోమ్నికా ఇంకా అక్కడే, ఒంటరిగా ఉంటోందో లేదో చూసి రాసుకుపోవడం ఆవిడ పని. డోమ్నికా అద్దెలో ముప్పాతిక భాగం మునిసిపాలిటీయే కడుతుంది. ఆ సంగతి ఇలింకాకి తెలుసు. అనాథాశ్రమంలో పెరిగినవాళ్ళకి ఏదో సాయం ఉంటుంది కాబోలు అనుకుంది గాని, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

“రెండు నిమిషాలు అమ్మా,” అంది సెవెరీనా గుమ్మంలోనే నిలబడి. నాలుగంతస్తులు మెట్లెక్కి రొప్పుతోంది. “పక్కింటావిడ ఒంటరిగానే ఉంటోందా?”

“ఒంటరిగానే.”

“మరి ఆ ఇంట్లో పసిపిల్ల మంచం ఏమిటి? రేడియేటరు మీద ఇంతింత చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఇంకో కుటుంబాన్ని పెట్టుకుందని రాయాల్సొస్తుంది. రాశానంటే సాయం కట్టు.”

“అయ్యో, అవి మా పాపవండీ. నేను స్కూలుకెళ్తే ఆవిడే చూసుకుంటుంది. రోజూ మోసుకెళ్ళలేక మంచం అక్కడే ఉంచమన్నది నేనే.”

“జీతమిస్తారా?”

“తీసుకోదు. చారు కాస్తే ఓ గిన్నెడు ఇస్తాను.”

“చారుకి నా ఫారంలో గడి లేదులెండి,” అని నవ్వింది సెవెరీనా. “ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి. నా ఎదురుగా పెడితే ముద్రలూ గిద్రలూ అక్కర్లేదు.”

ఇలింకా గోడకి ఆనించి నాలుగు వాక్యాలు రాసింది. సంతకం చెయ్యబోతూ కాగితం పైభాగం చూసింది. ‘హెచ్ఐవీతో జీవిస్తున్నవారికి అద్దె సాయం, వార్షిక విచారణ’ అని లావుపాటి అక్షరాల్లో అచ్చువేసి ఉంది. సెవెరీనా బొటనవేలు గబుక్కున ఆ అక్షరాల మీదికి వచ్చింది. కానీ వేలి వెడల్పు ఎంత, ‘వార్షిక విచారణ’ అన్నంత వరకే మూసింది.

“మీకు తెలుసనుకున్నాను,” అంది సెవెరీనా, మొహం ఎర్రగా చేసుకుని. “పాపని వదిలి వెళ్తున్నారుగా, అందుకని.”

“తెలుసు,” అంది ఇలింకా. ఆ అబద్ధం ఎందుకాడిందో ఆమెకే తెలియదు. “కాకపోతే మా ఆయనకి ఒక మాట చెప్పి పెడతాను.”

సెవెరీనా ఆమె మొహంలోకి చూసింది. ఇలాంటి గుమ్మాలు చాలా చూసినావిడ. “మీ ఇష్టం. గురువారం నాలుగింటిలోగా ఆఫీసులో ఇవ్వాలి. శుక్రవారం కౌన్సిల్ కూర్చుంటుంది. పోయినేడు పన్నెండు ఇళ్ళకి డబ్బిచ్చారు, ఈసారి తొమ్మిదింటికే. అనుమానం ఉన్న ఫైలే ముందు ఎగిరిపోతుంది. ఇంకోటి, అప్పటిదాకా నేను ఇళ్ళ విచారణలో తిరుగుతుంటాను, ఆఫీసులో దొరకను. నా వెనక పెట్టిన సంతకానికి మీ ఫ్లాట్ల సంఘం ముద్ర కావాలి.”

సెవెరీనా దిగిపోతుంటే ఒక్కొక్క అంతస్తూ ఆవిడ దగ్గు వినబడుతూనే ఉంది. పదిహేడో నంబరు తలుపు తెరుచుకోలేదు. దానికి అవతల, తలుపు కంతకి దగ్గరగా ఎవరో నిలబడి ఉన్నట్టు ఇలింకాకి అనిపించింది.

డోమ్నికాకి ముప్పై ఆరేళ్ళు. చూస్తే నలభై ఐదనిపిస్తుంది, వెనకనుంచి చూస్తే పదిహేను. చిన్న ఒళ్ళు, పెద్ద గొంతు. ఇలింకాకి ఆమె పరిచయమైంది ఆ పెద్ద గొంతుతోనే. పురుడయ్యి ఇంటికొచ్చిన వారానికి ఇలింకా పాపని బండిలో పడుకోబెట్టి, చెడిపోయిన లిఫ్టు ముందు ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉంటే, పైనుంచి ఒక కేక వినబడింది. “ఆ లిఫ్టు తను ముందు పోతుందా నేను ముందు పోతానా అని చూస్తోంది టీచరమ్మా, దాన్ని నమ్ముకుని నిలబడకు. ముందు చక్రాలు నువ్వు పట్టుకో, వెనకవి నేను పట్టుకుంటా.”

అప్పట్నుంచి వెనక చక్రాలు ఆమెవే. సెప్టెంబరులో స్కూలు తెరిచారు. శిశుకేంద్రంలో ఒజానా పేరు నలభై మూడోది. “నలభై రెండు మంది పెద్దయ్యేదాకా నీ పిల్లని గూట్లో పెడతావా? నా దగ్గర వదులు,” అంది డోమ్నికా. ఇలింకా వదిలింది. సాయంత్రం వెళ్తే పాప కడుపునిండా మొక్కజొన్న సంకటి తిని, మణికట్టుకి ఎర్రదారంతో, రెండు చొక్కాల మీద ఒక స్వెట్టరుతో చెమటలు కక్కుతూ ఉండేది. కిటికీలన్నీ బిగించి ఉండేవి. రెండు కిటికీల మధ్య గాలి పిల్లకి సోకితే చెవిపోటు వస్తుందని డోమ్నికా నమ్మకం.

“గాలికి చెవిపోటు రాదక్కా. చెవిపోటు తెచ్చేవి సూక్ష్మజీవులు.”

“మరి ఆ జీవులు దేనిమీదెక్కి వస్తాయి? బస్సెక్కి వస్తాయా?”

అలా నడిచేది. డోమ్నికా తన కప్పు తనే తెచ్చుకునేది, మరో ఇంటి కప్పులో కాఫీ తాగేది కాదు. పొగరనుకుంది ఇలింకా. రాత్రి ఎనిమిది కొట్టగానే ఒక మాత్ర వేసుకునేది. థైరాయిడుకి అని చెప్పింది, ఇలింకా నమ్మింది. పుట్టింది ఎనభై ఎనిమిదిలో, పెరిగింది అనాథాశ్రమంలో, ఎముకల గూడులాంటి మనిషి. ఆ మంగళవారం కుళాయి కింద చేతులు కడుక్కుంటూ ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, అసలు ఇన్నాళ్ళూ తనకెలా తట్టలేదా అని ఇలింకాకి ఆశ్చర్యం వేసింది. ఆ పట్నంలో ఆ ఏళ్ళలో పుట్టి, తల్లి వదిలేసిన పిల్లల గతి ఏమైందో చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగింది. కథలాగా విన్నది కథలోనే ఉండిపోయింది, పక్క ఫ్లాటు దాకా రాలేదు.

డోమ్నికా వెయ్యిన్నర గ్రాముల బరువుతో పుట్టింది. తల్లికి అప్పటికే నలుగురు. బరువు పెరిగాక తీసుకెళ్తానని వెళ్ళిన తల్లి మరి రాలేదు. నీరసంగా ఉన్న పసివాళ్ళకి బలానికని పెద్దవాళ్ళ రక్తం కొంచెం కొంచెంగా ఎక్కించే రోజులవి. ఒకే సూదిని ఉడకబెట్టీ ఉడకబెట్టకా ఇరవై మందికి పొడిచే రోజులు. ఆ వార్డులో వరసగా పందొమ్మిది మంచాలుండేవి. ఆ పందొమ్మిది మందిలో ఇప్పుడు బతికున్నది నలుగురు. వాళ్ళలో ఒకతనికి మాట రాదు.

రోగం పేరు ఆమెకి పద్నాలుగేళ్ళు నిండాక చెప్పారు. చెప్పిన ఆయమ్మ ఏడ్చింది. డోమ్నికా ఏడవలేదు. “అయితే నా కొత్త బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తారా?” అని అడిగిందట. అంతకుముందు చచ్చిపోయిన పిల్లల బూట్లు అలాగే చేతులు మారేవి. మాత్రలు సకాలంలో వచ్చాయి కాబట్టి ఆ బూట్లు అరిగేదాకా ఆమే తొడుక్కుంది. తర్వాత సముద్రం ఒడ్డు హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని దొరికింది. ఏడు వేసవులు చేసింది. ఎనిమిదో వేసవిలో ఆరోగ్యపత్రం అడిగారు, నిజం చెప్పింది, పని పోయింది. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి నిజం చెప్పింది, కుర్చీలోంచి లేపి పంపేశారు. పెళ్ళిచేసుకుంటానన్న ఒకడికి నిజం చెప్పింది. వాడు చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టుకోకుండానే మెట్లు దిగాడు. ఆ మూడో దానితో నిజం చెప్పడం ఆపేసింది. ముప్పై రెండో ఏట మునిసిపాలిటీ సాయంతో ఈ ఫ్లాటు దొరికినప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి తన తలుపుకి తను తాళం వేసుకుంది. మొదటి నెలంతా ఊరికే బయటికెళ్ళి, తాళం తీసుకుని లోపలికి వచ్చేదట, ఆ శబ్దం కోసం.

బుధవారం పొద్దున్న ఇలింకా స్కూలుకి రెండు రోజులు సెలవు పెట్టింది. ఎనిమిదింటికి డోమ్నికా తలుపు కొట్టింది.

“ఏం టీచరమ్మా, పిల్లని తేలేదు?”

“జలుబు చేసిందక్కా. ఇవాళ నేనే చూసుకుంటా.”

“చెప్పానా! కిటికీ తెరిచి పెట్టుంటావు.” లోపలికి తొంగిచూడబోయి ఆగింది. ఇలింకా తలుపు జానెడే తెరిచింది. “అల్లం వేసి మరిగించిన నీళ్ళు ఇవ్వు. తేనె వద్దు, ఇంకా చిన్నది.” వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “నిన్న ఆ ఆఫీసావిడ వచ్చిందిగా, నీ దగ్గరికి?”

“వచ్చింది.”

“రాశావా?”

“రాశాను. రేపు నేనే ఇచ్చేస్తా.”

“నీకు పుణ్యముంటుంది. ఆ మంచం గురించి నన్ను దొంగని నిలదీసినట్టు నిలదీసింది. పిల్లల్ని కనే మొహమేనా నాది, అన్నాను.” పెద్దగా నవ్వింది. ఆ నవ్వు మెట్ల మీద కింది అంతస్తుదాకా దిగింది. ఇలింకా నవ్వలేదు. డోమ్నికా అది చూసింది.

రక్తపరీక్షల కేంద్రంలో ఒజానా ఒళ్ళు విరుచుకుని ఏడ్చింది. రక్తం తీసే పిల్ల కాగితం చూసి, “తల్లికి ఉందా?” అంది మామూలుగా. “లేదు,” అంది ఇలింకా. “మరి?” “అనుమానం.” ఎవరి మీద అనుమానమో ఆ పిల్ల అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదో ఇలింకాకి తెలియదు. డోమ్నికా రోజూ రాత్రి ఎనిమిదింటికి మాత్ర తప్పకుండా వేసుకుంటోంది. అలాంటివాళ్ళ రక్తంలో వైరస్సు లెక్కకి కూడా దొరకదని, వాళ్ళనుంచి మొగుడికే అంటదని ఇలింకా చదివింది. పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పింది. అవన్నీ తెలిసిన మనిషే పాప మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని, ఫలితం రేపు మధ్యాహ్నానికి గాని రాదంటే, ఈ లోపల సంతకం పెట్టేసి ఆఫీసులో ఇచ్చెయ్యొచ్చుగా అని తనను తానే అడిగింది. సంతకం పెట్టాక ఫలితం వేరేగా వస్తే? అదే మనసు అలా ఎదురడిగింది. ఆ ప్రశ్నకి అర్థం లేదని ఆమెకి తెలుసు. ఇంటికి వచ్చి కాగితాన్ని మళ్ళీ చక్కెర డబ్బా కిందే పెట్టింది.

గురువారం పన్నెండున్నరకి ఫలితం వచ్చింది. ఏమీ లేదు. ఇలింకా కుర్చీలో కూలబడి నవ్వింది, వెంటనే ఏడ్చింది. ఆ తర్వాత, కొత్తగా సోకితే మొదటి వారాల్లో పరీక్షకి దొరక్కపోవచ్చన్న ముక్క గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం తనమీద తనకే అసహ్యం వేసింది. సంతకం పెట్టింది. టైము రెండున్నర.

ఇక ముద్ర కావాలి. ఫ్లాట్ల సంఘం కార్యదర్శి తుదోరా, మొదటి అంతస్తులో ఉంటుంది. రేవులో లెక్కలు రాసి రిటైరైనావిడ. ఆ బ్లాకులో ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి చెత్తబుట్టలో ఎన్ని సీసాలున్నాయో ఆవిడకి తెలియకుండా జరగదు. ఇలింకా కాగితం పైభాగాన్ని వెనక్కి మడిచి, మడత మీద గోటితో గీసి, తలుపు కొట్టింది.

“కూర్చో తల్లీ. పాప బాగుందా? జలుబన్నారు.” తుదోరా కళ్ళజోడు పెట్టుకుని, ముద్ర తీసి, దానిమీద నోటితో వేడిగా ఊది, ఆగింది. “ఇదేమిటి, మడిచావు?”

“పైన ఏమీ లేదు పిన్నిగారూ, ఆఫీసు పేరు.”

“ఆఫీసు పేరుంటే మడవడమెందుకు? మడిచిన కాగితం మీద ముద్ర వెయ్యడానికి నాకేం మతిపోయిందా? అప్పుపత్రమో ఏమో ఎవరికి తెలుసు.”

“మూడు దాటిందండీ, నాలుగింటికి ఆఫీసు—”

తుదోరా అప్పటికే మడత విప్పింది. మెల్లిగా, పెదాలు కదుపుతూ చదివింది. రెండోసారి చదివింది.

“పదిహేడా? ఆ నవ్వులావిడా? అయ్యో దేవుడా! లిఫ్టు బటన్లు నొక్కుతుందే!”

“ఆ లిఫ్టు పనిచేసి ఏడాది దాటింది పిన్నిగారూ.”

“అంతకుముందు నొక్కింది కదా!”

“బటన్ల మీద నుంచి రాదు. ముట్టుకుంటే రాదు. ఉమ్మినా రాదు. నా మాట నమ్మండి, నా పిల్లనే ఆవిడ చేతిలో పెడుతున్నాను.” చెప్తుంటే తన గొంతు తనకే వినిపించింది. మంగళవారం ఈ మాటే ఎందుకు అనలేకపోయిందో. “దయచేసి ఎవరితోనూ అనకండి.”

“నేనా? నాలుగు గోడల మధ్య విన్నది నాలుగు గోడల మధ్యే,” అంది తుదోరా, ముద్ర గట్టిగా గుద్దుతూ. కాగితాన్ని చివర్లు పట్టుకుని ఇచ్చింది. ఇలింకా మెట్లు దిగుతుంటే లోపల కుళాయి తిప్పిన చప్పుడు.

నాలుగింటికి పది నిమిషాలుండగా కాగితం ఆఫీసులో పడింది. శుక్రవారం కౌన్సిల్ తొమ్మిది ఇళ్ళకి డబ్బు మంజూరు చేసింది. డోమ్నికాది ఏడో పేరు. సాయంత్రం ఆమె కాల్చిన మిరపకాయలూ వంకాయలూ కలిపి చేసిన పచ్చడి సీసా పట్టుకొచ్చి, “తొమ్మిదిలో ఏడు! నా జన్మలో పదిలోపు రాంకు ఇదే టీచరమ్మా,” అంది. సీసా మూతకి గుడ్డ కట్టి ఉంది. ఇలింకా ఆమెని కౌగిలించుకుంది. అంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు. డోమ్నికా కర్రలా బిగుసుకుపోయింది.

ఆదివారం పొద్దున్న లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. ‘బ్లాకులో ఆరోగ్య భద్రత గురించి సభ్యుల సమావేశం.’ పేరు రాయలేదు. రాయాల్సిన పనీ లేదు. అప్పటికే మూడో అంతస్తావిడ మెట్ల కడ్డీని బ్లీచింగు నీళ్ళతో నాలుగో అంతస్తుదాకా తుడిచి, పదిహేడో నంబరు గుమ్మం ముందు బకెట్టు వదిలేసి పోయింది. సమావేశంలో ఇలింకా లేచి పావుగంట మాట్లాడింది. బోర్డు మీద వేసే బొమ్మ అట్టముక్క మీద వేసి చూపించింది. అందరూ మర్యాదగా విన్నారు. “మీకు చదువుంది, మాకు పిల్లలున్నారు,” అన్నాడు ఒకాయన. తనకీ ఉందని ఇలింకా అనలేకపోయింది. ఆ మాటతోనే కదా తను రెండు రోజులు కాగితాన్ని చక్కెర డబ్బా కింద పెట్టింది.

ఆ ఫ్లాటు యజమాని ఇటలీలో ఉంటాడు. సోమవారం డోమ్నికాకి ఫోను చేశాడు. నాకు నీమీద ఏ కోపమూ లేదమ్మా, కాకపోతే ఫ్లాటు అమ్ముకుందామనుకుంటున్నాను, నెలాఖరుతో అగ్రిమెంటు అయిపోతుంది, అన్నాడు. డబ్బు మంజూరై ఉంది. దాన్ని ఇచ్చుకుందామంటే ఇల్లు లేదు. సెవెరీనా తనకి తెలిసిన ఐదుగురు ఇళ్ళవాళ్ళని అడిగింది. అద్దె మునిసిపాలిటీ కడుతుందనగానే సంతోషించారు, ఎందుకు కడుతుందనగానే గది ఖాళీ లేదన్నారు. నెలరోజుల్లో కొత్త అగ్రిమెంటు చూపించకపోతే ఆ తొమ్మిదిలో ఏడోది రద్దవుతుంది. రద్దయింది. ఊరవతల ధాన్యం గోదాముల పక్కన సంక్షేమశాఖ వసతిగృహం ఉంది. గదికి నలుగురు. తలుపులకి లోపల గడియలుండవు, తాళాలు వార్డెను దగ్గరుంటాయి.

వెళ్ళే రోజు ఇలింకా సాయం చెయ్యడానికి పదిహేడులోకి వెళ్ళింది. రెండు పెట్టెలు, ఒక కుట్టుమిషను. పసిపిల్ల మంచాన్ని డోమ్నికా అప్పటికే మడిచి గోడకి ఆనించి పెట్టింది.

“అక్కా, నీకొక సంగతి చెప్పాలి.”

“రక్తపరీక్షేగా,” అంది డోమ్నికా, గిన్నెలు పాత పేపర్లలో చుడుతూ. “శుక్రవారం సాయంత్రం పిల్ల మోచేతి దగ్గర నీలంగా కమిలి ఉంది. నన్ను పొడిచినన్ని సార్లు మన బ్లాకులో ఎవర్నీ పొడవలేదు, ఆ మచ్చ నాకు తెలీదా?”

ఇలింకా గోడకి ఆనించిన మంచం వైపు చూసింది.

“ప్తూ ప్తూ అనేదాన్ననేగా భయపడ్డావు? పిల్ల వైపు తిరిగి ఒక్కనాడూ అనలేదు టీచరమ్మా. గోడవైపు తిరిగి అనేదాన్ని. ఉమ్మితో రాదని నాకూ తెలుసు, నీకంటే ముందునుంచీ తెలుసు. కానీ ఏదో ఒక రోజు నీకు నా సంగతి తెలుస్తుంది, ఆ రోజు కూర్చుని ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటావు అనుకున్నా. గుర్తుచేసుకుంటే దొరక్కుండా ఉండాలని.”

“నన్ను క్షమించక్కా. మంగళవారమే సంతకం పెట్టుంటే ముద్ర అక్కర్లేకపోయేది. తుదోరాకి తెలిసేది కాదు.”

“తెలిసేది కాదు.” ఓదార్చే ప్రయత్నం చెయ్యలేదు. “తుదోరా మీద నాకు కోపం లేదు, అది కుళాయి లాంటిది, తిప్పితే కారుతుంది. పరీక్ష చేయించావనీ కోపం లేదు. తల్లివి, చేయిస్తావు. కానీ రెండు రోజులు గోడకి అవతల కూర్చుని భయపడ్డావు చూడు, అది నేను మింగలేకపోతున్నా. తలుపుకీ తలుపుకీ మధ్య మూడడుగులు. బుధవారం నేనే వచ్చి నీ గుమ్మంలో నిలబడ్డాను. జలుబన్నావు.”

కింద వ్యాను హారను మోగింది. డోమ్నికా చివరి గిన్నె పెట్టెలో పెట్టి, దాని మూత అరచేత్తో అదిమింది.

“వసతిగృహానికి వస్తాను, ఆదివారాలు—”

“వద్దు. ఇప్పుడప్పుడే వద్దు. నిన్ను చూస్తే నాకు ఈ తాళం గుర్తొస్తుంది.” పెట్టెకి తాడు బిగిస్తూ తల ఎత్తకుండానే అంది. “ఒక మాట మాత్రం విను. ఆ పిల్ల పెరుగుతుంది, నీ భయాలూ పెరుగుతాయి. ఇంకెప్పుడైనా ఎవరి గురించైనా భయం వేస్తే, పరీక్షలకీ మొగుడికీ తర్వాత చెప్పుకో. ముందు ఆ మనిషి తలుపు కొట్టు. మొహం మీదే అడుగు. తిడతారేమో, తిట్టనీ. నన్నడిగుంటే నేనూ తిట్టేదాన్ని. తిట్టి, కాగితాలన్నీ తెచ్చి నీ బల్లమీద పరిచేదాన్ని.”

చక్రాలున్న పెట్టె వెనకవైపు డోమ్నికా పట్టుకుంది. ముందువైపు ఇలింకా పట్టుకుంది. అలా నాలుగంతస్తులూ దిగారు.

ఏప్రిల్లో ఒజానాకి శిశుకేంద్రంలో చోటు దొరికింది. రెండో వారంలో పిల్లల కోట్లు తగిలించే గదిలో ఇద్దరు తల్లులు గుసగుసలాడుతుంటే ఇలింకా విన్నది. కొత్తగా చేరిన ఒక పాపకి చేతులనిండా ఎర్రటి పుళ్ళు. ఒజానా రోజంతా ఆ పాప చెయ్యి పట్టుకునే తిరుగుతోంది. ఇలింకా చెయ్యి ఫోను దాకా వెళ్ళింది, రజ్వాన్‌కి చెయ్యాలని, డాక్టరుకి చెయ్యాలని. ఫోను తియ్యలేదు. బయట మెట్ల మీద ఆ పాప తల్లి వంగి బూట్ల తాళ్ళు కడుతోంది. ఇలింకా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“మీ పాప చేతులకి ఏమైందండీ? మా అమ్మాయి వదలకుండా పట్టుకుంటోంది, భయమేసి అడుగుతున్నా.”

ఆ తల్లి మొహం కందగడ్డయింది. “ఏం, మీకెందుకు? మీ అమ్మాయిని పట్టుకోవద్దని చెప్పుకోండి!” అని పాపని లాక్కుని నాలుగు మెట్లు దిగింది. అక్కడ ఆగింది. కాసేపటికి సంచిలోంచి నలిగిపోయిన డాక్టరు కాగితం ఒకటి తీసి, వెనక్కి వచ్చి, ఇలింకా చేతిలో పెట్టింది. పుట్టినప్పట్నుంచీ ఉన్న చర్మం జబ్బు, అంటుకునేది కాదు. ఇలింకా మొత్తం చదివి తిరిగి ఇచ్చింది. ఆ తల్లి ఇంకా కోపంగానే ఉంది, కాగితం సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది.

లోపలికి వస్తే కోట్ల గదిలో ఆ ఇద్దరూ ఎదురొచ్చారు.

“ఏమిటట? గజ్జేనా?”

“వాళ్ళమ్మ ఇంకా గేటు దాటలేదు,” అంది ఇలింకా. “వెళ్ళి ఆవిణ్ణే అడగండి.”